దారిఖర్చు ఎవరి ఖాతాలో?

బారువ

తమ్ముడూ, వచ్చే వేసవిలో స్వీడన్ వెళ్లి అడవి బెర్రీలు ఏరే పనిలో చేరతానని నువ్వు రాసినదాన్ని మనసులో పెట్టుకునే ఈ తీరం వెంట బయలుదేరాను. మహేంద్రతనయ సముద్రంలో కలిసే ఈ బారువ, వంశధార కలిసే కళింగపట్నం, ఇంకా దిగువన భీమిలి, ఇవన్నీ ఒకప్పుడు మనవాళ్లను సముద్రం దాటించి బర్మా చేర్చిన రేవులు. మన పెద్దల నోట రంగూన్ పేరు 'రంగం'. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. కోతలకు, మిల్లులకు, రేవులో బస్తాలు మొయ్యడానికి చేతులు చాలలేదు. ఇక్కడ వాన మొహం చాటేసిన ఏడు, అప్పు మీద పడ్డ ఏడు, మన పల్లెలు ఓడ ఎక్కాయి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా వాళ్లే. తెలుగువాళ్లను అక్కడ 'కొరంగీలు' అనేవారు. గోదావరి తీరంలోని కోరంగి రేవు పేరే మనందరికీ ముద్రగా పడిపోయింది. అందుకే సీజనుకు పరాయి దేశం వెళ్లి చేసే పని మనకు కొత్త కాదు. వెళ్లొద్దని నేను అనను. ఒక్కటే అంటాను: కూలి ఎంత అని అడిగే ముందు దారిఖర్చు ఎవరు పెడుతున్నారని అడుగు. దారిఖర్చు పెట్టినవాడే పని కొలిచి కూలి కూడా పంచితే, ఆ సీజను కష్టమంతా అతనిదే అవుతుంది, నీది కాదు.

కళింగపట్నం

తమ్ముడూ, ఈ మాటకు ఆధారం కూలీలను రంగం తీసుకెళ్లిన మేస్త్రీల లెక్కల్లోనే ఉంది. వలస కార్మికుల రక్షణాధికారిగా పనిచేసిన ఆండ్రూ 1933లో రంగూన్‌లోని భారతీయ కూలీల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. కంపెనీకీ కూలీకీ మధ్య ఎన్ని మెట్లుండేవో అందులో తెలుస్తుంది. కంపెనీ కింద కాంట్రాక్టరు, అతని కింద పెద్ద మేస్త్రి, ఆ కింద ఇంకొక మేస్త్రి, అందరికన్నా కింద ముఠా మేస్త్రి, ఆ తర్వాతే కూలీ. ఓడ టిక్కెట్టు, ఇంటి దగ్గర వదిలి వెళ్లే బియ్యం డబ్బు, రంగూన్‌లో తిండి, బస, అన్నీ మేస్త్రి అడ్వాన్సే. కంపెనీ ఇచ్చిన కూలి ముందు అతని చేతికి వెళ్లేది, అతను పట్టుకోగా మిగిలింది కూలీకి దక్కేది. కూలీ పేరు కంపెనీ పుస్తకంలో కాదు, మేస్త్రి పద్దులో ఉండేది. అందుకే 1930లో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని పని ఆపితే, కంపెనీలు వాళ్ల చోట బర్మీయులను తెచ్చి నిలబెట్టగలిగాయి. రాజీ కుదిరి మనవాళ్లు తిరిగి పనిలోకి వచ్చేసరికి బర్మీయుల నోటికాడి కూడు పోయింది. మే 26న మొదలైన అల్లర్లలో పేదలే పేదలను చంపుకున్నారు. ఇంకో సంగతి చూడు. సింహళం, మలయా వెళ్లే కూలీలకు 1922 నాటి వలస చట్టం రక్షణ ఉండేది. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కాబట్టి, అక్కడికి వెళ్లినవాడు చట్టం దృష్టిలో వలస వెళ్లినవాడే కాదు. సముద్రం దాటాడు గాని చట్టం లెక్కకు ఇల్లు దాటలేదు.

మేస్త్రి లేకపోతే చేతిలో దమ్మిడీ లేనివాడు ఓడ ఎలా ఎక్కేవాడని నువ్వు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేస్త్రి మన ఊరివాడు, మన భాషవాడు, జ్వరమొస్తే గంజి పోయించేవాడు. రంగం డబ్బుతో అప్పులు తీర్చుకున్నవాళ్లూ, భూమి కొన్నవాళ్లూ ఉన్నారు. తప్పు అప్పు ఇవ్వడంలో లేదు. అప్పిచ్చిన చెయ్యీ, పని కొలిచే చెయ్యీ, కూలి పంచే చెయ్యీ ఒకటే కావడంలో ఉంది.

భీమిలి

తమ్ముడూ, స్వీడన్ రంగం కాదు, అక్కడ చట్టముంది, సంఘాలున్నాయి అంటావు. నిజమే. కాని చట్టం కాపాడాలంటే ముందు నిన్ను పనివాడిగా గుర్తించాలి. స్వీడన్ వంటి దేశాల్లో అడవిలో కాసిన బెర్రీ ఎవరైనా ఏరుకోవచ్చు, అది అనాదిగా వస్తున్న జనహక్కు. ఎంత చక్కటి హక్కో, దాన్నే అడ్డం పెట్టుకుని పక్కనున్న ఫిన్లాండ్‌లో ఏం జరిగిందో చూడు. థాయ్‌లాండ్ నుంచి వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి సందర్శక వీసా మీద దిగి, పనివాళ్లుగా కాక, ఏరుకున్నది అమ్ముకునేవాళ్లుగానే లెక్కలో నిలిచారు. ముందు దువ్వెనలా పళ్లున్న చేతి డబ్బాతో రోజంతా నడుం వంచి పొదలను దువ్వేవారు, సాయంత్రం బకెట్లు కాటా మీద పెట్టేవారు. కిలోల లెక్కన వచ్చిన డబ్బులోంచి విమాన టిక్కెట్టు, బస, తిండి, కారు ఖర్చు పోయేవి. మేస్త్రి పద్దుకీ దీనికీ తేడా ఎక్కడుంది? చివరికి 2024లో ఫిన్లాండ్ ఆ వీసాలు ఆపి, ఉద్యోగ ఒప్పందంతోనే రావాలంది. స్వీడన్‌లోనూ కాపు పలచబడిన 2009లో ఆసియా దేశాల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో అప్పులతో ఇళ్లకు చేరారు. కాపు తగ్గితే నష్టం ఏరినవాడికి, పెరిగితే లాభం కొన్నవాడికి.

సీజను పనివాళ్ల గురించి ఐరోపా సమాఖ్య 2014లో చేసిన నిబంధనలు ఈ కీలకాన్నే పట్టుకున్నాయి. కూలి, పనిగంటలు రాసిన ఒప్పందం ముందే ఉండాలి, బస అద్దెను కూలిలోంచి దానంతటదే కోసుకోకూడదు. స్వీడన్ 2018లో దీన్ని తన చట్టంలోకి తెచ్చుకుంది. కాబట్టి నీ కాగితంలో యజమానిగా ఎవరి పేరుందో చూడు. కాపు తగ్గినా ఇవ్వాల్సిన కూలి అందులో రాసి ఉందో లేదో చూడు. ఇక్కడి ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో కనుక్కో. మన నిబంధనల ప్రకారం లైసెన్సున్నవాడు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద పన్ను తప్ప తీసుకోకూడదు. దారిఖర్చుకు డబ్బు చాలకపోతే అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుందాం. వడ్డీ కట్టాల్సిందే, అయినా ఆ సంఘం నీ బకెట్ తూచదు, నీ పాస్‌పోర్టు దాచదు. రంగం కూలీకి దొరకని ఆ ఒక్క వీలు ఇవాళ మనింట్లో ఉంది. దాన్ని వాడుకుని వెళ్లు, సంపాదించుకుని రా.

అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ అన్న