మాయమైనవాడు కనబడితే?

శనివారం పిల్లలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటే, పక్కనే కూర్చుని ఇండియన్ స్టోర్ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నా. ఆట నడిపేది పెద్దాడు. చిన్నది మాయమైనవాళ్ళని చూసే మంత్రం వేసి, "కనబడ్డాడుగా, కొడతా" అంది.

"అయినా పాచిక రెండుసార్లు వెయ్యాలి. తక్కువొచ్చిందే లెక్క" అన్నాడు వాడు.

2014 పుస్తకంలో నిజంగా అలాగే ఉందండీ! మాయమైనవాడిని కొట్టడం కష్టమన్నారు గానీ, చూడగలిగేవాళ్ళకి మినహాయింపు రాయలేదు.

"మరి ఆ మంత్రం ఎందుకమ్మా?" దాని కళ్ళల్లో నీళ్ళు.

మా పుట్టింట్లో అష్టాచెమ్మా ఆడితే ఒక్క కాయనైనా చంపందే లోపలి గళ్ళలోకి పోనిచ్చేవాళ్ళు కాదు. అత్తారింట్లో ఆ పట్టింపు లేదు. కొత్తకోడలిగా అడిగితే "మా ఇంట్లో ఇంతే" అన్నారు. నోరు మూసుకున్నా. (ఆట ఒక్కటేనా!)

"ఒరేయ్ నాన్నా, ఈ సంగతి మంత్రం వెయ్యకముందే దానికి చెప్పావా?" అన్నాను.

వాడు కాసేపు పుస్తకం తిరగేశాడు. "సరే, ఒక్కసారే వెయ్యి."

2024 పుస్తకంలో ఆ ముక్క సరిచేశారని రాత్రి వాడే వచ్చి చెప్పాడు.

ఇంతకీ దానికి 4 పడింది. దెబ్బ తగల్లేదు. అయినా ఏడవలేదు.