చీకటి తీరంలో తాబేళ్ల జాడ

చెన్నైలో చదువుకుంటున్న మా అమ్మాయి పట్టుబట్టడంతో మార్చి మొదట్లో ఓ శనివారం రాత్రి నీలాంకరై తీరానికి వెళ్లాను. సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో అక్కడి నుంచి బెసంట్ నగర్ దాకా, సుమారు ఏడు కిలోమీటర్లు, విద్యార్థులు రాత్రంతా నడుస్తారు. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ పేరుతో 1988 నుంచి ఈ పని సాగుతోంది. అంతకుముందు 1970లలోనే రోములస్ విటేకర్, సతీష్ భాస్కర్ వంటివారు ఈ తీరం వెంట నడిచి గుడ్లు కాపాడటం మొదలుపెట్టారు. వారాంతాల్లో మాలాంటి వాళ్లను కూడా వెంట రానిస్తారు.

మా బృందంలో నెల్లూరు జిల్లా కుర్రాడొకడు మా తెలుగు విని దగ్గరికొచ్చాడు. "ఆంటీ, ఫోన్ బయటికి తీయకండి. టార్చి వద్దు. కాసేపు ఓపిక పడితే కళ్లు చీకటికి అలవాటవుతాయి" అన్నాడు. నిజంగానే పది నిమిషాల్లో నురగ గీత, తడి ఇసుక, ఒడ్డుకు లాగిపెట్టిన పడవలు విడివిడిగా కనిపించసాగాయి. అలల అంచు పట్టుకుని నడవాలి. అక్కడైతే తాబేలు ఎక్కివచ్చిన జాడను దాటకుండా ఎటూ పోలేం.

మొదటి జాడ త్వరగానే దొరికింది. రెండున్నర అడుగుల వెడల్పున, కుడి ఎడమ రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఇసుకను తోసిన గుర్తులు. వాటి వెంట పైకి వెళ్తే సగం దూరంలోనే అర్ధచంద్రాకారంగా వెనక్కి తిరిగి సముద్రంలో కలిసిపోయాయి. గుంత లేదు. ఎదురుగా ఓ మేడ మీద ఫ్లడ్ లైట్లు ఇసుక మొత్తాన్ని పట్టపగలు చేస్తున్నాయి. కడుపునిండా గుడ్లతో వచ్చిన తల్లి పెట్టకుండానే తిరిగిపోయింది. ఆ లైట్లు ఎవరి కోసం వెలుగుతున్నాయో చూద్దామంటే మేడ మీద మనిషి జాడే లేదు.

మరో గంట నడిచాక రెండో జాడ. ఈసారి పైన ఇసుక కలియబెట్టి, అదిమినట్టుంది. ఈ తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టాక వెనక రెక్కలతో గుంత పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఇసుకను చదును చేస్తుందట. కుర్రాడు సన్నటి కర్రతో మెల్లగా గుచ్చి చూస్తూ పోయాడు. ఒకచోట కర్ర బలం పెట్టకుండానే లోపలికి జారింది. అక్కడి నుంచి ఉత్తచేతులే. భుజం ఇసుకకు ఆనేదాకా చెయ్యి దించితే గుడ్లు తగిలాయి. తెల్లగా, గుండ్రంగా, వేలు తగిలితే కొద్దిగా సొట్టపడే మెత్తటి పెంకు. ఒక్కొక్కటే లెక్కపెడుతూ గుడ్డసంచిలోకి తీశాడు. నూటపద్దెనిమిది. గుంత లోతు, వెడల్పు టేపుతో కొలిచి, వేళ రాసుకున్నారు. పెట్టిన కొద్ది గంటలకే పిండం పెంకుకు అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డును దొర్లిస్తే చచ్చిపోతుంది. అందుకే ఈ వెతుకులాట తెల్లవారాక కుదరదు. గుడ్లను అక్కడే వదిలేద్దామంటే కుక్కలున్నాయి, జనం తొక్కిడి ఉంది.

దారిలో చనిపోయిన తాబేలు కూడా ఎదురైంది. కళ్లు ఉబ్బి, మెడ వాలిపోయి ఉంది. తాబేలు గాలి పీల్చడానికి నీటిపైకి రావాల్సిందే. మరబోట్ల ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడదు. 2025 జనవరిలో ఈ తీరానికి ఇలా వందల కళేబరాలు కొట్టుకొచ్చాయి. వల నుంచి తాబేలు బయటపడే 'టెడ్' అనే పరికరం ఎప్పుడో వచ్చింది, వాడేవాళ్లే తక్కువ. తూర్పుతీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టేదేమో ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు. నిషేధం వచ్చేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోతోంది.

తెల్లవారుజామున, గుడ్లను పొదిగించే బెసంట్ నగర్ హేచరీకి చేరాం. తల్లి తవ్విన కొలతల్లోనే, మెడ సన్నగా అడుగు వెడల్పుగా కూజా ఆకారంలో గుంత తీసి గుడ్లు పేర్చారు. పైన తేదీ, సంఖ్య రాసిన చీటీ పెట్టారు. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ పుడతాయి కాబట్టి ఎండాకాలం వేడిని కూడా కనిపెట్టి ఉండాలి.

జనవరి నాటి గుంతలో పిల్లలు అప్పుడే పైకొచ్చాయి. వాటిని తడి ఇసుక మీద వదిలారు. చాలావరకు సముద్రం వైపే పాకాయి. రెండు మూడు మాత్రం వీధి దీపాల వైపు తిరిగితే విద్యార్థులు మళ్లించారు. రాత్రి పూట నీటి మీది వెలుగే వాటికి దారి. అంతకంటే పెద్ద వెలుగు ఊరి వైపు ఉంటే అటే పోయి ఎండి చస్తాయి. పెరిగి పెద్దయ్యేది వెయ్యిలో ఒకటని అంచనా. ఆ లెక్కన దారి తప్పిన ప్రతి పిల్లా పెద్ద నష్టమే.

ఈ విద్యార్థులు చేస్తున్నది గొప్ప పని. అయినా గుడ్లు మోసుకుపోవడం గత్యంతరం లేని ఏర్పాటే. తీరం చీకటిగా, శుభ్రంగా ఉంటే తల్లి పెట్టినచోటే అవి పిల్లలవుతాయి. మన శ్రీకాకుళం, విశాఖ, బాపట్ల తీరాలకూ ఇవే తాబేళ్లు వస్తున్నాయి, అక్కడా అటవీశాఖ హేచరీలు నడుపుతోంది. తీరాన ఇల్లో, హోటలో, రిసార్టో ఉన్నవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. జనవరి నుంచి మే వరకు రాత్రిపూట సముద్రం వైపు లైట్లు ఆర్పేయండి. బీచికి వెళ్లేవాళ్లు తాబేలు కనిపిస్తే దూరంగా ఆగండి, ఫ్లాష్ వేయకండి, అటవీశాఖకు కబురు చేయండి.