చెప్పవలసిన మాట

మా పల్నాటిలో ఆడపిల్ల పెద్దమనిషి యైనచో ఊరివారిని పిలిచి పేరంటము చేయుదుము, చిమ్మిలి పంచుదుము. ఆ రక్తమేల వచ్చెనో ఆ పిల్లకు మాత్రము చెప్పము.

గురజాల ప్రాంతమున నేను ఏడవ తరగతికి పాఠములు చెప్పుచున్నాను. దేహధర్మములను గూర్చి బాలికలకు బోధింప నారంభింపగా ఒక తల్లి వచ్చి, "పంతులమ్మగారూ, ఇవన్నియు తెలిసిన పిల్లలు చెడిపోరా?" అనెను. "తెలియని పిల్ల, తన నెవడైన తాకరాని చోట తాకినను చెప్పజాలదు గదమ్మా!" అంటిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, "అట్లైన మగపిల్లలకును చెప్పుడు" అనెను.

ఆ మాట సత్యము. తోడి బాలికను గేలిచేయరాదనియు, ఆమె వద్దన్నచో విరమింపవలయుననియు బాలురు నేర్వవలదా?

2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకయే పెండ్లియైనది. బాల్యవివాహములను నిషేధించిన 2006 నాటి చట్టమును, బాలలను లైంగిక నేరములనుండి కాపాడు 2012 నాటి చట్టమును గలవు. ఆపదలో పిలుచుటకు 1098 అను ఫోను నంబరును గలదు. కాని నోరు విప్పుటయే యెరుగని బిడ్డకు అవి యెట్లు తోడ్పడును?

పదవయేటనే మీ బిడ్డకు మొదటిమాట మీరు చెప్పుడు. తక్కినది బడిలో మేము చెప్పెదము.