గురువు పేరున ఒక ఊరు

స్కాట్లాండ్ కొండల్లో పుట్టి సుమారు 156 కిలోమీటర్లు ప్రవహించే ట్వీడ్ నది, మెల్‌రోజ్ దాటాక ఒక్కసారిగా మెలిక తిరుగుతుంది. మూడు పక్కలా నీళ్లు, నాలుగో పక్క సన్నని మెడలా నేల. కోనసీమవాళ్లు చూస్తే లంక అనేస్తారు. ఏడో శతాబ్దంలో ఇక్కడ ఒక మఠం ఉండేది. గొర్రెలు కాస్తూ ఓ రాత్రి ఆకాశంలో దేవదూతలను చూసిన కుర్రవాడు కత్‌బర్ట్ 651లో ఇక్కడికే వచ్చాడని చరిత్రకారుడు బీడ్ రాశాడు. అతన్ని ఆదరించి చేరదీసినవాడు మఠంలోని పెద్ద, బోయిజిల్.

కొన్నేళ్లకు ఆ ప్రాంతాన్ని మహమ్మారి కమ్మేసింది. తనకిక వారమే మిగిలిందని గ్రహించిన బోయిజిల్ శిష్యుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని యోహాను సువార్త చదివించాడు. ఆ పుస్తకంలో ఉన్నవి ఏడు కట్టలు. రోజుకొకటి చొప్పున ఏడు రోజులు. పుస్తకం పూర్తయింది, గురువు వెళ్లిపోయాడు. నాకు ఈ కథంతటిలో గుండెకు దగ్గరైనది ఆ వారమే.

మలుపు దాటి కాస్త దిగువకు పోతే సెయింట్ బాస్‌వెల్స్ అనే ఊరు. బోయిజిల్ పేరే నోళ్లలో నలిగి అలా మారింది. శిష్యుడి పేరైతే ఏటి పొడవునా వినిపిస్తుంది. కార్హమ్‌లో చర్చి కత్‌బర్ట్‌దే, నోరమ్‌లోనూ ఆయనదే. ఆ రెండింటి మధ్య టిల్ నది వచ్చి కలిసేచోట ఆయన పేరుతోనే ఒక పాత ప్రార్థనాలయం ఉంది. ఆయన రాతి శవపేటిక మెల్‌రోజ్ నుంచి నీటి మీద తేలుతూ వచ్చి అక్కడ ఆగిందని జనం చెప్పుకుంటారు.

బెర్విక్ దగ్గర ట్వీడ్ సముద్రంలో కలిసిపోతుంది. తీరం వెంట దక్షిణంగా వెళ్తే కత్‌బర్ట్ బిషప్‌గా ఉన్న లిండిస్‌ఫార్న్ దీవి, ఆ తర్వాత 687లో ఆయన కన్నుమూసిన ఇన్నర్ ఫార్న్ దీవి. వైకింగుల భయానికి 875లో సన్యాసులు ఆయన దేహాన్ని మోసుకుంటూ లిండిస్‌ఫార్న్ విడిచారు. చివరికి 995లో అది డర్హమ్ చేరింది.

1104లో అక్కడ పేటిక తెరిచినప్పుడు అరచేతిలో ఇమిడేంత పుస్తకం బయటపడింది. ఎర్రని తోలు అట్ట, దానిమీద ఉబ్బెత్తుగా అల్లుకున్న తీగ. 2012లో బ్రిటిష్ లైబ్రరీ 90 లక్షల పౌండ్లు పెట్టి కొన్నది దాన్నే. గురుశిష్యులు కలిసి చదివిన ప్రతి అది కాదు. కత్‌బర్ట్ పోయిన తర్వాత రాసినది. కానీ ఆయన పక్కన పెట్టడానికి ఎంచుకున్నది మాత్రం యోహాను సువార్తే.