సైకిళ్లమీద మెదకునకు

మీ సంఘ యౌవనస్థులు సంగారెడ్డినుండి మెదకు మహాదేవాలయమునకు సైకిళ్లమీద వెళ్లగోరుచున్నారా? మేమును అట్టి ప్రయాణమునకు ఏర్పాటు చేసికొనుచున్నాము. నర్సాపూరు, కౌడిపల్లి, కొల్చారము మీదుగా దారి సుమారు 70 కిలోమీటర్లు. నర్సాపూరు అడవిలో చెట్లనీడ హాయిగా నుండును గాని, ఎగుడుదిగుడులు మోకాళ్లను పరీక్షించును.

మాలో బలముగలవారు, ఒక్క దినములోనే తొక్కుకొని పోయి రావచ్చుననిరి. అయితే పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేయు సహోదరుడొకడు మాతో వచ్చుచున్నాడు. తెల్లవారి పని దిగి, నిద్రలేని కన్నులతో, లారీల నడుమ ముంబయి రహదారిమీద అతడు సైకిలు తొక్కుట ప్రాణాపాయము.

గనుక అతనికి సెలవు దొరకు రాత్రినిబట్టియే ప్రయాణ దినమును నిర్ణయించితిమి. ముందటి సాయంకాలమే అతడు బస్సులో వచ్చి మాయింట నిద్రించును. సైకిలు ఇక్కడనే సిద్ధముగా నుండును. ఉదయము 6 గంటలకు బయలుదేరి, గంటకు 12 కిలోమీటర్లే పోవుదుము. అతడే ముందు తొక్కును; అతడు ఆగినచోట అందరము ఆగుదుము. గాలిపంపు, పంచరు సామాను, నీళ్లు, జొన్నరొట్టెలు వెంట నుండును. తిరుగు ప్రయాణము సైకిళ్లతోకూడ డి.సి.ఎం. వ్యానులో.

చార్లెస్ వాకర్ పోస్నెట్టు దొరగారు కట్టించిన ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరవున ఆకలిగొన్నవారికి ఆ కట్టడపు పని కూడుపెట్టెను. అట్టి గుడికి పోవుచు, అలసినవానిని దారిలో విడిచిపెట్టుట తగునా? మీరును ఏర్పాటు చేయునప్పుడు, దూరమును లెక్కించుటకు ముందు మీలో బలహీనుడెవడో చూడుడి.