గోస్తని



నార్వే దేశంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు గ్లొమ్మ నది ఛాయాచిత్రాలు పంపి, "మామయ్యా, మీ విశాఖలో ఇలాంటిది ఉందా?" అని పరాచికమాడాడు. గ్లొమ్మ ఆ దేశంలోకెల్లా పొడవైన నది. 600 కిలోమీటర్ల పైచిలుకు. మంచు కరిగే మే, జూన్ మాసాలలో అది నిండుగా పొంగుతుందట. సరిగ్గా ఆ రోజులలోనే మా గోస్తని ఇసుకలో సన్నని పాయగా మిగిలి ఉంటుంది. దీని పొడవు సుమారు 120 కిలోమీటర్లు. అయినను చెప్పుకోదగిన నదియే.

గోస్తని అంటే ఆవు పొదుగు. అమరసింహుడు ద్రాక్షకు కూడ ఈ పేరు చెప్పాడు. అనంతగిరి కొండలలో మేస్తున్న ఒక ఆవు బొర్రా గుహ పైకప్పు రంధ్రంలో పడిపోగా, వెదుకుతూ దిగిన కాపరికి శివలింగాకారం కనబడిందనీ, ఆ ఆవు పొదుగే ఈ నదికి మూలమనీ జనశ్రుతి. నా ఊహ వేరు. గుహలో పైనుండి వేలాడే సున్నపు చన్నులనూ, వాటి కొనలనుండి జారే నీటి చుక్కలనూ చూచినవాడెవడో ఈ పేరు పెట్టి ఉంటాడు. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, సున్నపురాతిని కరగించుకుంటూ దిగుతుంది. చుక్క జారేచోట ఆ సున్నాన్ని తిరిగి వదలిపెడుతుంది. వేల ఏండ్ల పని అది. ఈ గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు కనుగొన్నారని అనేకచోట్ల వ్రాస్తుంటారు. ఆ సంస్థ పుట్టినదే 1851లో! ఒకరిని చూచి ఒకరు వ్రాసుకుంటూ పోతే ఇంతే. ఇక ఆ గుహలున్న కొండమీదుగానే 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం పోతుంది. బైలదిల్లా ఇనుపరాయి ఆ దారినే మా రేవుకు దిగుతుంది.

కొండ దిగిన గోస్తనికి గంట్యాడ మండలంలోని తాటిపూడి వద్ద 1960లలోనే ఆనకట్ట కట్టారు. ఆ పిమ్మట జామి, పద్మనాభం మీదుగా సాగి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. 1794 జూలై 10న చిన విజయరామరాజు కుంపిణీ సైన్యంతో పోరి నేలకొరిగినది ఆ పద్మనాభంలోనే. 2022 జిల్లాల విభజన తరువాత ఇంత చిన్న నదికి మూడు జిల్లాలు వచ్చాయి: పుట్టుక అల్లూరి సీతారామరాజు జిల్లాలో, నడక విజయనగరంలో, సంగమం విశాఖలో.

ఉక్కు కర్మాగారానికి ఏలేరు నీరు వస్తుందని నగరంలో చాలామందికి తెలుసు. తాము త్రాగే నీటిలో గోస్తని ఉన్నదని తెలిసినవారు అరుదు. తరగతిలో నదుల పేర్లడిగితే పిల్లలు గంగ, గోదావరి, కృష్ణ అని గడగడ చెప్పేవారు. గోస్తని వారికి వట్టి "ఏరు". ఒక వేసవిలో కొందరిని సంగమస్థలానికి తీసుకువెళ్ళాను. నదికీ సముద్రానికీ నడుమ ఇసుకమేట అడ్డుగా ఉంది. ఒక కుర్రవాడు, "మాస్టారూ, ఏరు సముద్రాన్ని ముట్టుకోలేదేటండీ?" అన్నాడు. అలలు ఇసుకను ఎగద్రోస్తాయనీ, వానాకాలంలో ప్రవాహం బలిసి ఆ మేటను తెంచుతుందనీ చెప్పాను. "మరి ఇప్పుడు నీరేదండీ?" అన్నాడు. కొంత పొలాలకు, కొంత పట్టణానికి అన్నాను. "అయితే పట్నంలో మా అప్ప తాగుతున్నాదండీ" అని నవ్వాడు.

వాడి అప్ప త్రాగవలసినదే, పైరూ పండవలసినదే. కాని దిగువకు వదలవలసిన పాలు కొంత ఉంటుంది. నది ఇసుక నీటిని పీల్చి దాచే తొట్టి వంటిది. ఆ ఇసుకను లారీలకెత్తి, ప్రవాహాన్ని పైనే ఆపివేస్తే తీరప్రాంతపు భూగర్భంలో మంచినీటి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు సముద్రజలం లోపలికి చొచ్చుకొస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి తిరిగి తీపి కావడానికి ఎన్ని వానకాలాలు పడుతుందో తీరగ్రామాలవారినడగండి.