సున్న కోసం మూడు పేటలు

హైదరాబాదు చూడవచ్చిన చుట్టాలు చార్మినారు చూస్తారు, గోల్కొండ గుమ్మంలో చప్పట్లు కొడతారు, సాలార్‌జంగు మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా నిలబడతారు. మంచిదే. కాని యీ నగరానికి మరో ముఖం వుంది. అది కోఠీ దగ్గర గుజరాతీ గల్లీలోనూ, సికింద్రాబాదు రాణిగంజ్‌లోనూ, బాలానగర్ షెడ్లలోనూ కనిపిస్తుంది. అక్కడికి ఏ చుట్టాన్నీ మనం తీసుకుపోము. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాబోటివాడికి అక్కడేం పని అంటారా? ఒక సున్న కోసం వెళ్ళవలసివచ్చింది.

మా వీధిలో ఒక వడ్రంగిగారున్నారు. గుమ్మాలకు పేరుపలకలు చెక్కడంలో ఆయనది పెట్టింది పేరు. రెండేళ్ళనుంచి చేయి వణికి, ఉలి పక్కన పెట్టేశారు. డిప్లొమా చదివిన ఆయన కొడుకు, దాచుకొన్న డబ్బంతా పోసి ఒక చిన్న సి.ఎన్.సి. రౌటర్ కొన్నాడు. కంప్యూటరు చెప్పినట్టల్లా అడ్డంగా, నిలువుగా, పైకీ కిందికీ కదులుతూ, గిరగిర తిరిగే కత్తితో చెక్కను తొలిచే యంత్రమన్నమాట. యీ విద్య కొత్తదేమీ కాదు. 1952లోనే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ యిలాంటి యంత్రాన్ని నడిపి చూపింది. అప్పుడు ఆజ్ఞలన్నీ చిల్లులు పొడిచిన టేపు మీద వెళ్ళేవి. నాడు గది నిండిన యంత్రం నేడు బల్లమీద యిమిడింది. మావాడి యంత్రానికి పనిబల్ల 30 సెంటీమీటర్లు ఒకవైపు, 18 సెంటీమీటర్లు మరోవైపు. అందుకే బజారులో దాన్ని '3018' అని పిలుస్తారు.

ఇంగ్లీషు అక్షరాలు చెక్కినన్నాళ్ళూ దాని గుట్టు బయటపడలేదు. యింతలో ఒక బడివారు, పిల్లలు వేలితో దిద్దుకొనేందుకు యాభై ఆరు తెలుగు అక్షరాల చెక్కపలకలు కావాలన్నారు. నమూనాగా పంపిన 'ఠ', 'ర', సున్న తిరిగివచ్చాయి. దిద్దుతూంటే పిల్లల వేలు మధ్యమధ్య ఆగిపోతోందట! నేనూ కళ్ళు మూసుకొని సున్న మీద వేలు నడిపాను. నిజమే. నాలుగు దిక్కులా నాలుగు చదునులు తగిలాయి.

ఎందుకలా? కత్తిని అటూ యిటూ జరిపేవి రెండు స్క్రూకడ్డీలు. కడ్డీ తిరిగితే దానిమీది నట్టు జరుగుతుంది. కడ్డీ మరకూ నట్టు మరకూ నడుమ వెంట్రుకవాసి సందు వుంటే, దిక్కు మారినప్పుడల్లా ఆ సందు నిండేదాకా కడ్డీ ఉత్తినే తిరుగుతుంది. మెకానిక్కులు దాన్ని 'ప్లే' అంటారు. ఇంగ్లీషు 'ఎల్' అక్షరానికి ఒక నిలువు, ఒక అడ్డం చాలు. సున్నకు అలా కాదు. ఒక్క చుట్టులో రెండు కడ్డీలూ రెండేసిసార్లు వెనక్కి మళ్ళాలి. అంటే నాలుగు మలుపులు, నాలుగు చదునులు! మన లిపి అంతా వంపుల పుట్ట. 'ఞ', 'ఱ' సంగతి యిక చెప్పాలా?

దీనికి తోడు కత్తిని మోసే దూలం కొసలు ప్లాస్టిక్‌వి. చెక్క గట్టిగా తగిలితే కదిలిపోతున్నాయి. "యంత్రం మార్చక్కర్లేదు మేష్టారూ, దాని ఎముకలు మారిస్తే చాలు" అన్నాడు కుర్రవాడు. ఒకనాడు యిద్దరం బయల్దేరాము.

మొదట కోఠీ. కోఠీ అంటే మేడ. నిజాం దర్బారులోని తెల్లదొర, రెసిడెంటు, నివసించిన ఆ మేడ యిప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో వుంది. ఆ చుట్టుపక్కలదే గుజరాతీ గల్లీ. వీధి సన్నం, సరుకు అనంతం. అక్కడ మోటార్లకు కరెంటు అందించే డ్రైవర్లు, బల్ల హద్దు దాటకుండా ఆపే చిన్న స్విచ్చులు కొన్నాము. మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చెప్పేదాకా దుకాణదారు డ్రైవరు చేతికివ్వలేదు. అమ్మకం కంటె పనే ముఖ్యమనే మనిషి! యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాముకు మాత్రం దమ్మిడీ ఖర్చు లేదు. 'జి.ఆర్.బి.ఎల్.' అనే ఆ ప్రోగ్రాము 2009లో పుట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు.

అక్కడినుంచి ట్యాంకుబండు మీదుగా రాణిగంజ్. మహాత్మాగాంధీ రోడ్డు ఒకనాటి పేరు జేమ్స్ స్ట్రీట్. రోడ్డు పేరు మారినా, దగ్గరి రైలుస్టేషను యింకా ఆ పాత పేరే మోస్తోంది. రాణిగంజ్‌లో బేరింగులు, బోల్టులు, పంపులు, బెల్టులు వరసలు తీరి వుంటాయి. అక్కడ జారుడు పట్టాలు, 16 మిల్లీమీటర్ల లావున్న బాల్‌స్క్రూలు బేరం చేశాము. వీటి నట్టులో సన్నని ఉక్కు గుండ్లు దొర్లుతాయి కనుక ప్లే దాదాపు వుండదు. మోటారు ఒక చుట్టుకు రెండువందల అడుగులు వేస్తుంది. ఆ చుట్టులో నట్టు జరిగేది 5 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో అడుగూ మిల్లీమీటరులో నలభయ్యో వంతు! "నట్టును కడ్డీనుంచి తీయకు బేటా, గుండ్లన్నీ నేలమీద ఏరుకొంటావు" అని వృద్ధ దుకాణదారు రెండుసార్లు హెచ్చరించాడు.

చివరికి బాలానగర్. పనిముట్లు తయారుచేసే విద్య నేర్పే కేంద్ర సంస్థ 1968లో వెలసింది యిక్కడే. చుట్టూ సందుల్లో లేతులు, మిల్లింగు యంత్రాలు, కోసిన లోహం వాసన. ప్లాస్టిక్ కొసల స్థానంలో 12 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకలు కోయించాము. కుర్రవాడి బొమ్మకాగితం చూసి షెడ్డు మేస్త్రీ, "చిల్లులు కాస్త సాగదీద్దాం సార్. బిగించేటప్పుడు జరుపుకోను వీలుంటుంది" అన్నాడు. ఆ మాట విలువ యింటికి వచ్చాక తెలిసింది.

కొత్త చట్రం బిగించారు. మూలమట్టం పెట్టి చూస్తే సరిగ్గానే వుంది. వడ్రంగిగారు మాత్రం తల అడ్డంగా వూపి, టేపు తెమ్మన్నారు. ఆ మూలనుంచి యీ మూలకు, మళ్ళీ అటు మూలనుంచి యిటు మూలకు కొలిపించారు. రెండు కొలతలకూ రెండు మిల్లీమీటర్ల తేడా! "కర్ణాలు కలవందే తలుపు పడదు నాయనా, యిదీ అంతే" అన్నారు. సాగదీసిన చిల్లుల్లో బోల్టులు జరిపి, కర్ణాలు కలిపారు. ఉలి పట్టలేని చేయి ఆ విధంగా యంత్రంలోకి చేరింది.

మొదట సున్న చెక్కించారు. పెద్దాయన కళ్ళు మూసుకొని వేలు నడిపారు. ఒక చుట్టు, రెండు, మూడు. వేలు ఎక్కడా ఆగలేదు. కొడుకు ముఖం చూడలేకపోయాను. అంతసేపూ అతను ఊపిరి బిగబట్టే వున్నాడు.

చప్పుడు తగ్గలేదు, పొట్టు తగ్గలేదు. మూతికి గుడ్డ కట్టుకోనిదే దాని దగ్గర నిలవలేము. అయినా పలకలు బడికి వెళ్ళాయి. పెద్దాయన వేలు నడిచి, సరేనన్న తరువాతనే ఒక్కొక్కటీ పెట్టెలోకి చేరింది. వేలు ఆగినవి రెండు పలకలు. వాటిని వేరే వుంచి, మళ్ళీ చెక్కించారు.